రెండు కుర్చీల దూరంలో

హాల్లోకి వచ్చి కూర్చుని పది నిమిషాలైనా కాలేదు, టైలరమ్మ గొంతులో దురద మొదలైంది. ఇంట్లో ఉన్నన్ని రోజులూ లేదు, వ్యానులో వస్తున్నంతసేపూ లేదు, గేటు దగ్గర నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి జ్వరం చూసినప్పుడూ లేదు. సరిగ్గా ఇక్కడ, అందరూ మాస్కుల పైనుంచి ఒకరినొకరు దొంగచూపులు చూసుకుంటున్న ఈ ఆసుపత్రి హాల్లో, పిల్లి అడుగులు వేసుకుంటూ వచ్చి గొంతులో తిష్ఠ వేసింది. దగ్గితే అంతే సంగతులు. పూర్వం మనిషి దగ్గితే మంచినీళ్ళిచ్చేవాళ్ళు, ఇప్పుడు దారిస్తున్నారు. ఇందాక మూలనున్న పెద్దాయన ఒక్కటంటే ఒక్క దగ్గు దగ్గితే రెండు వరసల మనుషులు గాలికి చేను వాలినట్టు అవతలికి వాలారు. ఆయన పాపం చెయ్యెత్తి, "చుట్ట దగ్గమ్మా, చుట్ట దగ్గు! నలభై ఏళ్ళనాటిది!" అని అందరికీ వినబడేలా చెప్పుకోవాల్సి వచ్చింది. తనకి చుట్ట కూడా లేదు చెప్పుకోవడానికి. టైలరమ్మ ఉమ్మి మింగింది. మనసు ఇంకోవైపు మళ్ళించాలని కుర్చీల మీది టేపులు చూడసాగింది. ఒక్కో కుర్చీ విడిచి రెండేసి కుర్చీలకి ఎర్రటేపు ఇంటూ గుర్తులా అంటించారు, అక్కడ కూర్చోకూడదని. అంటించినవాళ్ళెవరో కొలత తెలియనివాళ్ళు, ఒక్క గుర్తూ నడిమధ్యకి రాలేదు, ఒకటి ఎడమకి జరిగింది, ఒకటి కిందికి జారింది, ఒకదాని కొస ఊడి వేలాడుతోంది. చేతిలో కత్తెర ఉంటే ఈపాటికి లేచి వెళ్ళి ఆ కొస కత్తిరించేసేది. దురద తగ్గింది. తగ్గిందని తలుచుకోగానే మళ్ళీ వచ్చింది. ఈ రోగం వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఈ రోగం కాదు, ఈ రెండు రోగాలూ, ఒకటి తన ఒంటికీ ఒకటి లోకానికీ ఒకేసారి వచ్చిన దగ్గర్నుంచీ, ఒళ్ళు గొణిగే ప్రతి చిన్న మాటా చెవిలో పిడుగులా పడుతోంది.

చేతిలో పదిహేడో నంబరు చీటీ ఉంది. రక్తం తీసుకున్నారు, ఫలితానికి గంట పడుతుందన్నారు. తెల్లకణాలు సరిపడా ఉంటే పైకి పిలిచి మందు ఎక్కిస్తారు, లేకపోతే ఇంటికి పంపేస్తారు. ఇది మూడో డోసు. నిజానికి పదహారు రోజుల కిందటే పడాల్సింది. ఎందుకు పడలేదంటే ఎవర్నీ అనడానికి లేదు, చేసిందంతా తనే. ఆ సంగతి గుర్తొచ్చి టైలరమ్మ ఎవరో చూసినట్టు తల దించుకుంది. తల దించుకుంటే కిటికీ అడుగు నుంచి పార్కింగు కనబడింది, పార్కింగులో పసుపుపచ్చ బడి వ్యాను, వ్యానులో ముందు సీటులో ఆయన. రోగి ఒక్కరే లోపలికి రావాలని రూలు. ఇరవై రెండేళ్ళు బడిపిల్లల్ని తిప్పిన మనిషి, బళ్ళు మూసేశాక వ్యానుకి తుప్పు పడుతుందని రోజూ ఇంటి ముందే ముందుకీ వెనక్కీ పది గజాలు నడిపేవాడు. ఇప్పుడు ఆ పద్నాలుగు చిట్టి సీట్లలో ఏదో ఒకదాంట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని భార్య ప్రయాణం. రెండో డోసుకి ఎక్కినప్పుడు వెనక్కి తిరిగి, "లంచ్ బాక్స్ తెచ్చుకున్నావా?" అని అడిగాడు. తన తల మీద అప్పటికే ఒక్క వెంట్రుక లేదు, స్కార్ఫు కట్టుకుని సగం ఏడుపుతో ఉంది, అయినా నవ్వొచ్చేసింది. నవ్వుతుంటే స్కార్ఫు జారింది, ఆయన అద్దంలో చూసి, "బాగుందే, ఇన్నాళ్ళూ జుట్టు కింద ఇంత గుండ్రటి తల దాచుకున్నావా" అన్నాడు. అబద్ధం. తన తల వెనకవైపు నొక్కుకుపోయి ఉంటుంది, టోపీ కొలత తీసుకున్నప్పుడు తనకే తెలిసింది.

కొలత అంటే గుర్తొచ్చింది, అసలు ఇదంతా బయటపడింది ఒక కొలత వల్లే. అందరూ ఇళ్ళలో తలుపులు వేసుకుని కూర్చున్న ఆ మొదటి నెలలో, బ్యాంకులో పనిచేసే ఆవిడ ఒకరు ఫోన్ చేసి గౌను కుట్టమంది. కొలతలకి రావడానికి భయం. "మనిద్దరిదీ ఒకటే ఒళ్ళు టైలరమ్మా, నీ మీదే కొలుచుకుని కుట్టెయ్" అంది. నిజమే, పదేళ్ళుగా ఆవిడ కొలతలు రాస్తున్న చెయ్యి కాబట్టి తెలుసు, అంగుళం తేడా లేదు. అద్దం ముందు నిలబడి ఛాతీ చుట్టూ టేపు తిప్పి బిగించినప్పుడు ఎడమవైపు వేలికి ఏదో తగిలింది. బొత్తామంత. చొక్కా బొత్తాం కాదు, కోటు బొత్తాం. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే బాగుందనుకుంది అప్పుడు, నొప్పి లేనిది రోగం ఎలా అవుతుంది, పంటి నొప్పికే ప్రాణం పోతుంటే? గౌను కుట్టి పంపేసింది. బ్యాంకావిడ బ్రహ్మాండంగా సరిపోయిందని ఫొటో పంపింది. బొత్తాం మాత్రం అక్కడే ఉంది. నలభై రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి వెళ్తే లేని రోగం అంటుకుంటుందని అప్పట్లో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. లేని రోగానికి భయపడి ఉన్న రోగాన్ని నలభై రోజులు రవిక కింద దాచింది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకరోజు వ్యానుని ముందుకీ వెనక్కీ నడిపి వచ్చిన మనిషితో, ఉల్లిపాయలు తరుగుతూ, ఉల్లిపాయల మీద నెపం పెట్టి ఏడుస్తూ చెప్పేసింది. ఆయన చేతిలో తాళంచెవి ఇంకా అలాగే ఉంది. "పద" అన్నాడు.  పొయ్యి మీద గ్యాసు కట్టేసింది కూడా ఆయనే.

హాల్లో గాజు పలక వెనక కూర్చున్న అమ్మాయి పద్నాలుగో నంబరు పిలిచింది. ఇంకా మూడు. ముందు నంబరువాళ్ళు నడిచి వెళ్తుంటే నేల మీద అంటించిన బాణం గుర్తుల మీదే అడుగులు వేస్తున్నారు, తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టు. టైలరమ్మకి ఆ రిపోర్టు రోజు గుర్తొచ్చింది, ఆ రోజు ఇల్లంతా ఇలాగే అంటీ ముట్టని ఆట అయింది. గడ్డలోంచి ముక్క తీసి చేసిన పరీక్ష కాగితం ఫోనుకి వచ్చింది. నాలుగు పేజీలు. టైలరమ్మకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు అక్కడక్కడా వచ్చు. మూడో పేజీ మధ్యలో పెద్దక్షరాలతో 'పాజిటివ్' అని ఉంది. లోకమంతా ఆ ఒక్క మాట కోసం వణుకుతున్న రోజులవి, పక్కవీధిలో ఎవరికో పాజిటివ్ అంటే వీధికి వీధే అడ్డంగా కర్రలు కట్టేశారు. అంతే, టైలరమ్మ కుట్టుగదిలోకి వెళ్ళి గడియ పెట్టేసుకుంది. లోపల్నుంచి ఆయనకి ఫోన్ చేసి, "నాకు అది కూడా వచ్చిందండీ, మీరు దగ్గరికి రావద్దు" అని చెప్పింది. ఒకటిన్నర రోజు. ఆయన గుమ్మం ముందు కంచం పెట్టి తలుపు తట్టి ఆరడుగులు వెనక్కి పరుగెత్తేవాడు, తను తలుపు వారగా తీసి కంచం లాక్కునేది, జైల్లో ఖైదీలా. ఆ ఒకటిన్నర రోజులో టైలరమ్మ వీలునామా కూడా తయారుచేసుకుంది మనసులో, పెద్ద మిషను ఎవరికి, చిన్న మిషను ఎవరికి, జిగ్‌జాగ్ మిషను మాత్రం ఆడపడుచుకి ఇవ్వకూడదని. రెండో రోజు మధ్యాహ్నం ధైర్యం తెచ్చుకుని ఆసుపత్రి ఫైలు అట్ట మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. పెద్ద సిస్టర్ ఎత్తింది. పేజీ నంబరూ వరస నంబరూ చెప్పించుకుని, చివరిదాకా విని, "అమ్మా, ఇది ఆ పాజిటివ్ కాదు" అంది. "గడ్డకి ఏం తింటే బలమో కనిపెట్టే పరీక్ష ఇది. మీ గడ్డ ఒంట్లో ఊరే హార్మోను తిని పెరుగుతోంది. దాని నోటికాడ కూడు లాగేసే మాత్రలున్నాయి. మిగతా వైద్యం అయ్యాక రోజుకొకటి వేసుకుంటారు. ఆ మాత్రలు పనిచెయ్యాలంటే ఇక్కడ పాజిటివ్ అనే ఉండాలి. ఇది మనకి మంచి మాట."  అదే మాట ఒక కాగితంలో శాపం, ఇంకో కాగితంలో వరం. బట్ట తిరగేస్తే లోపలివైపూ పైవైపూ ఉంటుందని ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మనిషికి మాటకీ ఉంటుందని తెలియలేదు. "అడిగారు, మంచి పని చేశారు. తెలియకపోతే ఎన్నిసార్లయినా అడగండి, నాకు జీతం ఇచ్చేది దానికే" అంది సిస్టర్. గడియ తీసి బయటికొస్తే ఎదురుగా ఆయన, చేతిలో కంచం, పరుగెత్తడానికి సిద్ధంగా ఒక కాలు వెనక్కి పెట్టి.

అలా అడిగితే తెలుస్తుందని తెలిసిన మనిషి మళ్ళీ పదహారు రోజుల కిందట ఆ పని ఎందుకు చేసిందీ అంటే, అదంతా ఆడపడుచు చలవ. పాపం ఆవిడ మంచిదే. ప్రేమ ఎక్కువై ఫోను నింపేస్తుంది. పొద్దున లేస్తే వెల్లుల్లి మింగమంటుంది, పదింటికి వేణ్ణీళ్ళు గంటకోసారి తాగమంటుంది, మధ్యాహ్నం నిమ్మకాయ వాసన చూడమంటుంది, సాయంత్రానికి అవన్నీ అబద్ధాలట వదినా అని తనే ఇంకోటి పంపుతుంది. ఒకరోజు పంపింది: ఈ మందు ఎక్కించుకునేవాళ్ళ దగ్గరికే ఆ పురుగు ముందు వస్తుందట, మందు మానేస్తే మంచిదని పెద్ద డాక్టరెవరో చెప్పాడట. పేరు లేని డాక్టరు. కింద ఏడుస్తున్న బొమ్మలు మూడు. టైలరమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. మూడో డోసు రోజు పొద్దున ఒంట్లో బాగాలేదని చెప్పి వ్యాను ఎక్కలేదు, ఆసుపత్రి నుంచి ఫోను మోగితే గుడ్డముక్కల మూట కింద కుక్కేసింది. మూట కింద ఫోను రోజుకి రెండుసార్లు చొప్పున పద్నాలుగు రోజులు మూలిగింది. ఆఖరికి ఆయనే ఎత్తి చేతికిచ్చాడు. పెద్ద సిస్టర్ కోప్పడలేదు, కోప్పడి ఉంటే టైలరమ్మ పెట్టేసేదే. "భయమేసిందా అమ్మా?" అని అడిగింది. వేసిందంది. "వెయ్యదా మరి? నాకూ వేస్తుంది, రోజూ ఇక్కడికి రావడానికి. ఆ సందేశంలో సగం నిజం ఉంది. మందు పడ్డాక కొన్నాళ్ళు ఒంటికి కాపలా తగ్గుతుంది, అంటుకునేవి తొందరగా అంటుకుంటాయి. కానీ బయటదానికి మాస్కుంది, సబ్బుంది, దూరం ఉంది. లోపలదానికి ఈ మందు కాక ఇంకేముంది చెప్పండి? మీరు కుట్టుపని చేస్తారు కదా, సగం కుట్టి వదిలేస్తే..." "చాల్లే సిస్టర్, అది నాకు చెప్తావా, ఎల్లుండి వస్తున్నా" అంది టైలరమ్మ. ఆ ఎల్లుండే ఇవాళ. ఆడపడుచుకి కూడా ఒక సందేశం పంపింది, జీవితంలో మొదటిసారి: 'ఆ డాక్టరు పేరేంటో కనుక్కుని చెప్పు వదినా, నేనే ఫోన్ చేసి మాట్లాడతా.' రెండు రోజులైంది, ఇంకా కనుక్కుంటూనే ఉంది.

"ఇక్కడ చలిగా లేదూ అక్కా?"

మాట రెండు కుర్చీల అవతల నుంచి వచ్చింది. మధ్యలో టేపు అంటించిన కుర్చీలు రెండు, ఆ పైన ఈ మనిషి. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో టైలరమ్మ చూడలేదు. నలభై ఐదేళ్ళుంటాయి. నున్నటి గుండు, తనలాగే. చలా? కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఎండ నేల మీద చాపలా పరుచుకుని ఉంది, తన మాస్కు కింద చెమట గడ్డం మీదికి కారుతోంది. ఈయన చొక్కా మీద స్వెటర్ వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని ఉన్నాడు. స్వెటర్ మెడలోంచి చొక్కా కాలరు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి కనబడుతోంది. టైలరమ్మ కంటికి మనిషి కన్నా ముందు బట్టే కనబడుతుంది, ఆ అలవాటు చచ్చినా పోదు.

"ఒక కాజా తప్పి పెట్టుకున్నావు తమ్ముడూ, బొత్తాం."

ఆయన కిందికి చూసుకుని నవ్వాడు. "చేతులు మాట వినడం లేదక్కా. ముప్ఫై ఏళ్ళు గడ్డం కత్తి పట్టిన చేతులు, ఒక్కరి చెంప తెగలేదు. ఇవాళ బొత్తామే లొంగడం లేదు." సెలూనట. నాలుగు కుర్చీల షాపట, నెలల తరబడి మూసే ఉందట. "ఊరు ఊరంతా జుట్లు పెంచుకుని నా కోసం ఎదురుచూస్తోంది, నేను చూస్తే ఇదిగో ఇలా. కస్టమర్లు వచ్చి నన్ను చూస్తే, ఇదేం షాపురా, ఓనరుకే ఇంత దగ్గరగా కొట్టేశారు అని పారిపోతారు." టైలరమ్మ గట్టిగానే నవ్వింది, దగ్గు సంగతి మరిచిపోయి. నవ్వుతూనే చూసింది, ఆయన గుండు మీద చెమట బొట్లు. చలంటాడు, చెమట పోస్తోంది. మోకాలు ఒకటి తనంతట తనే ఆడుతోంది, తెగిన బెల్టుతో ఊరికే తిరిగే మిషను చక్రంలా.

కాసేపటికి ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెప్తాను."

"చెప్పనులే" అంది టైలరమ్మ, ఆలోచించకుండానే. ఆ మాట ఆమెకి వృత్తిలో భాగం. కొలతలు ఇస్తూ నిలబడినప్పుడు మనుషులు చేతులెత్తినట్టే మనసులూ ఎత్తేస్తారు, అత్తల మీద, మొగుళ్ళ మీద, రహస్యంగా పెరిగిన నడుముల మీద ఎన్ని విందో, ఒక్కటీ గుమ్మం దాటనివ్వలేదు. ఊళ్ళో ఆమెకున్న పేరంతా సగం కుట్టుకి, సగం ఆ నోటికి.

"రాత్రి నూట ఒకటి" అన్నాడాయన. "తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోయింది. రెండు మాత్రలు వేసుకుని వచ్చా. గేటు దగ్గర వాడి తుపాకీకి ఏం దొరకలేదు." దొంగతనం చేసి గెలిచిన పిల్లాడిలా కళ్ళు మెరిశాయి. "ఇది నాకు ఆఖరి డోసక్కా. ఈ ఒక్కటీ పడితే అయిపోయె. జ్వరమని నోరెత్తానో, అటు తోసేస్తారు." అటు అంటే హాలు చివర ప్లాస్టిక్ తెర వేలాడదీసిన వరండా. "అటు వెళ్ళినవాళ్ళని ఇంటివాళ్ళు కూడా చూడలేరట. మా ఆవిడ గుండె ఆగిపోతుంది."

టైలరమ్మ ముందు చేసిన పని ఊపిరి బిగబట్టడం. ఆ తర్వాత కంటితోనే దూరం కొలిచింది, అరవై అంగుళాలు, కాదు, అరవై రెండు. చాలా? చాలదా? కిటికీ ఆయన వెనక ఉంది, గాలి అటునుంచి ఇటు వస్తోంది. ఇంతసేపు నవ్వింది, నోరంతా తెరిచి, మాస్కు కింద అయితే మాత్రం! లేచి అవతలి వరసకి వెళ్ళిపోవాలని కాళ్ళు పీకాయి. వెంటనే సిగ్గేసింది. వెంటనే ఆ కాగితం గుర్తొచ్చింది, మొదటి డోసు రోజు ఇచ్చిన కాగితం, ఇంటాయన రాత్రిళ్ళు బడిపాఠంలా కూడబలుక్కుంటూ చదివి వినిపించిన కాగితం. జ్వరం వంద పాయింటు నాలుగు దాటితే మాత్ర వేసుకుని పడుకోకూడదు, పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, ఏ వేళయినా ఫోను చెయ్యాలి. ఎందుకని ఆయన అడిగితే పెద్ద సిస్టరే చెప్పింది, ఈ మందు పడ్డాక తెల్లకణాలు అడుగంటుతాయి, కాపలావాళ్ళంతా సెలవు మీద వెళ్ళిన ఇల్లు అది, అంటుకునే ఆ పెద్ద రోగమే రానక్కర్లేదు, మన చర్మం మీదుండే పురుగు లోపలికి జారినా గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేస్తే జ్వరం కనబడదు గానీ దొంగ లోపలే ఉంటాడు. వంద పాయింటు నాలుగు అని అట్టముక్క మీద చాక్‌పీసుతో రాసి ఇంటాయన మిషను తల మీద అంటించాడు, కుట్టేటప్పుడల్లా అదేదో బట్ట ధరలా కనబడేది.

"తమ్ముడూ, అది చెప్పాల్సిన జ్వరం. సిస్టరుకి చెప్పు. అది వేరే జబ్బే అయ్యుండొచ్చు, అటు తోసెయ్యరు."

"మీకేం తెలుసక్కా" అని మొహం తిప్పుకున్నాడు. "అనవసరంగా నోరు జారా." కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చాడు.

మీకేం తెలుసు. నిజమే, తనకేం తెలుసు? నిన్న మొన్నటిదాకా పాజిటివ్ అంటే గడియ పెట్టుకున్న మనిషి. చెప్పనని మాటిచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మాట దాటలేదు, దాటితే ఇవాళ దాటాలా, అదీ తనని అక్కా అన్న మనిషి విషయంలో? ఆఖరి డోసు, పాపం, ఆఖరిది అన్న మాట విన్నప్పుడు ఎవరికుండదు ఆశ, తనకి ఇంకా మూడున్నాయి, అయినా రోజూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. పోనీ ఊరుకుంటే? ఆయనకీ రక్తం తీశారుగా, అందులో తెలియకపోతుందా? తెలుస్తుంది, కణాలు తక్కువని తెలుస్తుంది. ఇంటికి వెళ్ళి వారం తర్వాత రమ్మంటారు, ఒళ్ళు చల్లగా ఉన్న మనిషిని జ్వరమా అని ఎవరు అడుగుతారు, అడిగినా ఈయన చెప్తాడా? ఇంటికెళ్ళి ఇంకో రెండు మాత్రలు వేసుకుని దుప్పటి కప్పుకుంటాడు. ఇంతకీ తను చెప్పాలనుకుంటోంది ఆయన కోసమా, అరవై రెండు అంగుళాల కోసమా?  రెండూనేమో. కత్తెరకి రెండు నాలుకలుంటాయి, రెండూ కలిస్తేనే బట్ట తెగుతుంది, ఇంత ఆలోచన ఎందుకు? ఆయన మూసిన కళ్ళ కింద బుగ్గలు ఎర్రబడుతున్నాయి, మోకాలు ఆడటం మానేసింది, ఆడటం మానెయ్యడమే ఎందుకో ఆడటం కంటే భయంగా ఉంది. పదిహేనో నంబరు పిలిచారు. టైలరమ్మ లేచింది. బాణం గుర్తులకి అడ్డంపడి, తొక్కుడుబిళ్ళ ఆటంతా చెడగొట్టి, గాజు పలక దగ్గరికి నడిచి, "పెద్ద సిస్టర్ని పిలువమ్మా, తొందరగా" అంది.

పెద్ద సిస్టర్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఫోనులో గొంతూ, మాస్కు పైన కళ్ళూ తప్ప ఆవిడ మొహం టైలరమ్మ చూడనే లేదు. ఒక్క వాక్యంలో విషయం విని నేరుగా సెలూనాయన దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మూడే అడిగింది: ఎప్పటినుంచి, ఎంత ఉంది, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు. తప్పు చేశారనలేదు. అనలేదు కాబట్టే కాబోలు, ఆయన మూడింటికీ నిజమే చెప్పాడు. చక్రాల కుర్చీ వచ్చింది. ఎక్కబోతూ తూలితే ఇద్దరు పట్టుకున్నారు. కుర్చీ టైలరమ్మ పక్కనుంచి పోతుంటే తలెత్తి చూశాడు, కళ్ళలో నీళ్ళో నిప్పులో తెలియలేదు.

"అక్కా అని పిలిచాను కదా నిన్ను."

"పిలిచావు. తమ్ముళ్ళ మీద చాడీలు చెప్పడానికేగా అక్కలు పుట్టేది."

చుట్ట పెద్దాయన ఫక్కుమన్నాడు, నవ్వు కాస్తా దగ్గయింది, ఈసారి ఎవరూ వాలలేదు. ప్లాస్టిక్ తెర తొలగి, మళ్ళీ మూసుకుంది. ఒకామె వచ్చి ఆయన కూర్చున్న కుర్చీ మీద మందు చల్లి తుడిచింది, అక్కణ్ణుంచి చూపు ఎత్తి టైలరమ్మని చూసి, ఆమె కుర్చీ కూడా తుడిచి ఇంకో చోట కూర్చోబెట్టింది. కొత్త కుర్చీ, కొత్త గాలి, పాత భయం. చెప్పనన్న మాట తప్పింది. ఆయన భార్య ఎక్కడుందో, ఫోను వెళ్ళి ఉంటుంది ఈపాటికి, ఉల్లిపాయల ముందు కూర్చుందో, మరెక్కడ కూర్చుందో. తన చేతుల్ని చూసుకుంది, రెండుసార్లు సానిటైజరు రాసుకుంది, మూడోసారి రాసుకోబోయి ఆగింది. సబ్బుకీ పిచ్చికీ మధ్య గీత ఎక్కడుందో కూడా ఈసారి సిస్టర్ని అడగాలి. ఎండచాప కిటికీ నుంచి జరిగి జరిగి గోడ ఎక్కింది. పదహారో నంబరు వెళ్ళింది. పదిహేడు మాత్రం పిలవలేదు. ఒక్కొక్క నిమిషం ఒక్కొక్క గజం పొడుగు. రోజూ ఇంట్లో ఆయన పెట్టే ఉడికించిన గుడ్లు గుర్తొచ్చాయి, పొద్దున రెండు, సాయంత్రం రెండు. తెల్లకణాలంటే తెల్లగా ఉన్నవి తింటే పెరుగుతాయని ఆయన సొంత సిద్ధాంతం. అది కాదండీ అని చెప్పినా, పోనీ నష్టమేం లేదుగా అంటాడు. నష్టం లేదు, ఇంట్లో కోడి ఉంటే సిగ్గుతో పారిపోయి ఉండేది, అంతే.

"పదిహేడు."

పిలిచింది గాజు పలక అమ్మాయి కాదు, పెద్ద సిస్టరే, చేతిలో ఫైలు పట్టుకుని. టైలరమ్మ తన సంగతి అడగలేదు. "ఆయన..." అంది.

"మీకు చెప్పమన్నాడు, అందుకే చెప్తున్నా. ఆ రోగం కాదు, పరీక్ష చేశాం. తెల్లకణాలు అడుగంటిపోయాయి, ఏదో వేరేది లోపలికి చేరింది. దాన్ని చంపే మందు ఎక్కిస్తున్నాం. కింద గదిలోనే ఉన్నాడు, భార్యతో ఫోనులో మాట్లాడించాం. మిమ్మల్ని తెగ తిడుతున్నాడు."

"తిట్టనీ సిస్టర్."

"తిట్టే ఓపిక ఉందంటే మంచిదే."

"ఇంటికి వెళ్ళిపోయి ఉంటే?"

సిస్టర్ ఫైలుని గుండెకి ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది. టైలరమ్మకి అది చాలు. "మరి ఆఖరి డోసు?" అని అడిగింది.

"తేరుకున్నాక వేస్తాం. డోసు ఎక్కడికి పారిపోతుందమ్మా, మనుషులే పారిపోతారు" అంటూ సిస్టర్ అప్పుడు మొదటిసారి కళ్ళతో నవ్వింది, ఆ నవ్వు ఎవరి గురించో టైలరమ్మకి తెలుసు. "మీ కణాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పైకి పదండి."

పైన కిటికీ పక్క కుర్చీ దొరికింది. మెత్తటిది, వెనక్కి వాలేది. సూది ఒక్క పోటుకే దొరికింది, సంచీలోంచి చుక్క చుక్కా దిగడం మొదలైంది. అటు పక్క కుర్చీలో పూలస్కార్ఫు కట్టుకున్న పడుచు పిల్ల, ఇటు పక్క ఎవరో లెక్కల టీచరట, పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటోంది ఎడమచేత్తో. టైలరమ్మ ఖాళీగా ఉన్న చేత్తో ఫోను తీసింది.

"ఏవండీ, మొదలైంది."

"మొదలైందా!" అని అవతల వ్యాను తలుపు దబ్బుమన్న చప్పుడు. కిందికి చూస్తే ఆయన బయటికి దూకి, పార్కింగు నడిమధ్య నిలబడి తలెత్తి వెతుకుతున్నాడు. "ఏ కిటికీ?"

"రెండో అంతస్తు. కుడివైపు నుంచి మూడోది."

"నీ కుడా, నా కుడా?"

టైలరమ్మ ఆలోచించింది. తన కుడి ఆయనకి ఏమవుతుందో తేల్చుకునేలోపే ఆయన ఆగలేక చెయ్యెత్తి మొదటి కిటికీ నుంచి చివరి కిటికీ దాకా వరసగా ఊపడం మొదలెట్టాడు. పూలస్కార్ఫు పిల్ల కిందికి చూసి, ఎవరి మనిషో తెలియకుండానే సూది లేని చెయ్యెత్తి ఊపింది. లెక్కల టీచరు ఎర్రకలంతో ఊపింది. పై అంతస్తులో ఎవరో ఊపినట్టున్నారు, ఆయన తల ఇంకా పైకెత్తి అటూ ఊపాడు.

"టైలరమ్మా, బోలెడుమంది ఊపుతున్నారే! అందరికీ మాస్కులే, అందరికీ తల గుడ్డలే. ఇందులో నువ్వెవరు?"

"అందరికీ ఊపండి, నాకు చేరుతుంది."

"సరే. కింద అంతస్తులో ఒకాయన ఉన్నాడు చూడూ, బోడిగుండాయన, మంచం మీద లేచి కూర్చుని మరీ కిటికీలోంచి ఊపుతున్నాడు. చేతికి గొట్టం ఉంది, అది ఊడేలా ఉంది. ఎవరు? మనకి తెలిసినవాడా?"

"తెలుసు" అంది టైలరమ్మ.  "మా తమ్ముడు."

"నీకు తమ్ముడెక్కడున్నాడే?"

"ఉన్నాడు లెండి. ముందు ఆయనకి ఊపండి."

ఆయన ఫోను చొక్కా జేబులో పడేసి, రెండు చేతులూ ఎత్తాడు.